బొచ్చు ముందు, నీళ్లు తర్వాత: కుక్కా పిల్లీ ఉన్న ఇంట్లో ఉతుకు డైరీ

1వ రోజు

మెషీన్ మధ్యలో ఆగిపోయింది. అద్దం తలుపులోంచి చూస్తే బట్టలు మురికినీళ్లలో తేలుతున్నాయి. నీళ్లు బయటికి పోవడం లేదు.

స్విచ్ ఆపి ప్లగ్ తీసేశాను. నీళ్లు చల్లారేదాకా ఆగాను. మాది ఫ్రంట్ లోడ్, కింద మూలన చిన్న మూత ఉంటుంది. అది తెరిచి, లోపలున్న సన్నగొట్టం బయటికి లాగి, పళ్లెం పెట్టి నీళ్లు వదిలాను. పళ్లెం నిండడం, పారబోయడం, మళ్లీ పెట్టడం. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. ఆఖరికి ఫిల్టర్ నెమ్మదిగా తిప్పి బయటికి తీస్తే, దానికి చుట్టుకుని ఒక ముద్ద వచ్చింది. బొటనవేలంత లావు, బూడిదరంగు, పాత కంబళి ముక్కలా గట్టిగా ఉంది. వేళ్లతో విప్పితే విడిపోలేదు. కత్తెరతో కోశాను. లోపల బ్రూనో పొట్టి పొట్టి గోధుమరంగు వెంట్రుకలు, మిన్ను తెల్లని నూగు, చొక్కా గుండీ ఒకటి, దారప్పోగులు. అన్నీ కలిసి నేసినట్టు ఉన్నాయి.

బ్రూనో లాబ్రడార్, ఐదేళ్లవాడు. మిన్ను పొడుగు బొచ్చు పిల్లి. మనుషులం ముగ్గురం: మా ఆయన, నేను, తుమ్ములతో నిద్ర లేచే మా అబ్బాయి. ఇన్నాళ్లూ బొచ్చు ఎక్కువైతే ఇంకోసారి ఉతికేదాన్ని. ఇవాళ ఆ ముద్ద చేతిలో పెట్టుకుని చూశాక, ఇంకోసారి ఉతకడం దీనికి మందు కాదని అర్థమైంది. రెండు నెలలు పద్ధతిగా ప్రయత్నించి, ఏం చేస్తే ఏమైందో రాసుకోవాలని ఈ నోట్‌బుక్ మొదలుపెట్టాను. మూడు విషయాలు తేలాలి: బట్టల మీద బొచ్చు, మెషీన్ ఆరోగ్యం, వాసన.

2వ రోజు

అసలు ఉతికితే బొచ్చు ఎందుకు పోదు? డిటర్జెంట్ చేసే పని, జిడ్డునీ మట్టినీ బట్ట నుంచి విడదీసి నీళ్లలో కలపడం. వెంట్రుక అంటే కెరటిన్ అనే గట్టి ప్రొటీన్. అది నీళ్లలో కరగదు. తడిస్తే పక్క వెంట్రుకను పెనవేసుకుంటుంది, బట్ట నేతలోకి ఇంకా లోతుగా దిగుతుంది. ఫ్రంట్ లోడ్‌లో నీళ్లు తక్కువ, కాబట్టి వెంట్రుక తేలి పోవడానికి చోటు కూడా ఉండదు. డ్రమ్ము తిరిగే కొద్దీ నా నల్ల ప్యాంటు మీది బొచ్చు అబ్బాయి బనీను మీదికి, అక్కడినుంచి టవల్ మీదికి మారుతుంది. కాస్తో కూస్తో బయటపడ్డది పంపు దగ్గర ఆగుతుంది. నిన్న చూసింది అదే.

అంటే బొచ్చు పని పొడిగా ఉన్నప్పుడే అయిపోవాలి. మెషీన్‌లోకి వెళ్లేటప్పటికి బట్ట మీద మట్టీ చెమటా మాత్రమే మిగలాలి.

4వ రోజు

పొడి పనికి ఇంట్లో దొరికినవన్నీ పరీక్షించాను. పరీక్షకు పెట్టింది నల్ల ప్యాంటు. దాని మీదే వీళ్లిద్దరి బొచ్చూ స్పష్టంగా కనిపిస్తుంది.

అంటుకునే కాగితం ఉన్న లింట్ రోలర్ పని చేస్తుంది. కానీ ఒక ప్యాంటుకే నాలుగు కాగితాలు అయిపోయాయి. దుప్పట్లకు ఎలా సరిపోతుంది? బయటికెళ్లే ముందు చివరి నిమిషంలో వాడుకోవడానికి తలుపు దగ్గర పెట్టేశాను.

బట్టల బ్రష్షు దుమ్ము తీసింది, బొచ్చును పక్కకు జరిపింది.

గిన్నెలు తోమే రబ్బరు గ్లవుజులు మాత్రం నన్ను ఆశ్చర్యపరిచాయి. చేతికి తొడుక్కుని, ప్యాంటు మంచం మీద పరిచి, నడుము నుంచి కాలి అంచు దాకా ఒకే దిక్కుగా నిమిరాను. రబ్బరు రాపిడికి వెంట్రుకలు లేచి, అరచేయి ముందు సన్నటి ఒత్తిలా చుట్టుకుంటూ వచ్చాయి. దీపంలో వేసే ఒత్తి ఎలా ఉంటుందో అచ్చం అలా. అంచు దగ్గర ఆ ఒత్తిని తీసి బుట్టలో పడేయడమే. అటూ ఇటూ రుద్దితే మాత్రం పోగైనది మళ్లీ పరుచుకుంటుంది. గ్లవుజును కొద్దిగా, అంటే తడి చేత్తో తాకినంత మాత్రమే తడిపితే ఇంకా బాగా పట్టుకుంటోంది.

ఇక్కడ ఇంకో సంగతి గమనించాను. మిన్ను నూగు బట్ట మీద పైపైన పడి ఉంటుంది. ముఖ్యంగా పాలిస్టర్ మీద స్టాటిక్‌తో (రాపిడికి పుట్టే విద్యుత్తుతో) అతుక్కుంటుంది కానీ చెయ్యి తగిలితే వచ్చేస్తుంది. బ్రూనో వెంట్రుక పొట్టిగా, బిరుసుగా ఉంటుంది, సూదిలా నేతలోకి గుచ్చుకుంటుంది. కాలరు దగ్గర కొన్నిటిని వెంట్రుక పీకే చిమటాతో లాగాల్సి వచ్చింది. లాబ్రడార్‌కు రెండు పొరల బొచ్చు ఉంటుంది: పైన బిరుసు, కింద మెత్తటి ఉన్ని. ఆ రెండూ రాలతాయి.

5వ రోజు

ఒకే జతలోని రెండు దిండు గలీబులు, రెండిటినీ కొన్ని రోజుల పాటు ఒకే సోఫా మీద వీళ్లకు వదిలేశాను. ఒకటి గ్లవుజుతో దులిపి, ఇంకొకటి అలాగే, వేర్వేరుగా ఉతికాను. ఆరాక కిటికీ వెలుగులో పరిచి చూస్తే తేడా అడగక్కర్లేదు. దులిపిన దాని మీద అక్కడొకటి ఇక్కడొకటి. దులపని దాని మీద నిన్నటి బొచ్చు ఉన్న చోటే ఉంది, ఇంకా గట్టిగా నాటుకుని.

మా ఆయనను పిలిచి చూపించాను. "ఏవండీ, ఈ రెండిట్లో ఏది దులిపానో చెప్పండి" అంటే, ఒక్క చూపులో చెప్పేశారు. ఆ రోజు నుంచీ వారానికి రెండు రోజులు దులిపే వంతు ఆయనది.

8వ రోజు

డ్రయ్యర్ ఉన్నవాళ్లకు ఒక సులువు ఉంది. మా చెల్లెలి ఇంట్లో చూసి వచ్చాను. ఉతకకముందు బట్టలు పొడిగానే వేసి, వేడి లేకుండా పది నిమిషాలు తిప్పాలి. తిరుగుడుకు బొచ్చు వదిలి, నూగు పట్టే లింట్ జాలీలో చేరుతుంది. వేడి ఎందుకు వద్దంటే, బట్ట మీద ఏదైనా మరక ఉంటే అది వేడికి పట్టేస్తుంది. జాలీని ప్రతిసారీ శుభ్రం చేయాలి. పేరుకున్న లింట్ తేలిగ్గా నిప్పంటుకునే వస్తువు, అక్కడ అగ్నిప్రమాదానికి అవకాశం ఉంటుంది.

మాకు డ్రయ్యర్ లేదు. దుప్పట్లను దండెం మీద వేసి పూర్తిగా ఎండనిచ్చి, ఇద్దరం చెరో అంచూ పట్టుకుని గట్టిగా విదిలిస్తున్నాం. కొంచెం చెమ్మ ఉన్నా బొచ్చు కదలదు. గాలికి ఎదురుగా నిలబడకూడదన్నది మొదటిరోజే తెలిసిపోయింది. అబ్బాయి ఆ సమయంలో లోపలే ఉంటాడు.

10వ రోజు

ఇవాళ రాయడానికి చెయ్యి వణుకుతోంది.

తెల్ల దుప్పట్లు డ్రమ్ములో వేసి, సబ్బు తేవడానికి రెండు అడుగులు పక్కకెళ్లాను. వచ్చి తలుపు వేయబోతుంటే దుప్పటి మడతలో ఏదో కదిలినట్టు అనిపించింది. చెయ్యి పెట్టి చూస్తే వెచ్చగా తగిలింది. మిన్ను. తెల్ల దుప్పట్లో తెల్ల పిల్లి. తలుపు వేసి బటన్ నొక్కి ఉంటే ఏమయ్యేదో ఊహించలేను. పిల్లులకు మెత్తగా, చీకటిగా, ఇరుగ్గా ఉన్న చోటంటే ఇష్టం. డ్రమ్ము, బట్టల బుట్ట, డ్రయ్యర్ వాటికి గూడుల్లాగే కనిపిస్తాయి.

ఇంట్లో అందరికీ వర్తించే నియమాలు ఇవాళే పెట్టాం. మెషీన్ తలుపు వాడనప్పుడు మూసే ఉండాలి. బట్టలు వేశాక డ్రమ్ము అడుగుదాకా చెయ్యి పెట్టి తిప్పి చూడాలి. బటన్ నొక్కే ముందు మిన్ను ఎక్కడుందో కళ్లారా చూడాలి. ఎవరు వేసినా ఇంతే. ఈ డైరీలో మిగతాదంతా ఎవరైనా వాళ్ల వీలునిబట్టి మార్చుకోవచ్చు. ఈ పేరా మాత్రం ఉన్నదున్నట్టు పాటించమని వేడుకుంటాను.

12వ రోజు

బట్టల బుట్టకు మూత ఉన్నది తెచ్చాం. విడదీసే పద్ధతి కూడా మార్చాను. ఇదివరకు తెల్లవి, రంగువి అని చూసేదాన్ని. ఇప్పుడు మొదట చూసేది జంతువులు పడుకున్నవా కాదా. వాటి పరుపు తొడుగులు, సోఫా మీది గుడ్డలు, బ్రూనో ఒళ్లు తుడిచే టవళ్లు ఒక వాయి. అబ్బాయి యూనిఫాం, లోదుస్తులు, దిండు గలీబులు ఇంకో వాయి. రంగుల సంగతి ఆ తర్వాత. జంతువుల వాయి ఎప్పుడూ చివర వేస్తాను. అది అయ్యాక డ్రమ్ము లోపల తడిగుడ్డతో తుడిచి, తలుపు చుట్టూ ఉన్న రబ్బరు రింగు మడత వేలితో విప్పి చూస్తాను. కింది భాగంలో ప్రతిసారీ ఒక బొచ్చు తాడు దొరుకుతుంది. వదిలేస్తే అదే కుళ్లి వాసన మొదలవుతుంది.

డ్రమ్ము సగానికి మించి నింపడం మానేశాను. బట్టలకు కదిలే చోటు ఉంటేనే మిగిలిన వెంట్రుకలు వదిలి నీళ్లతో పోతాయి. ఎక్స్‌ట్రా రిన్స్ తప్పనిసరి. మురికి ఎక్కువ కదా అని సబ్బు ఎక్కువ పోయడం కూడా తప్పే. నురగ ఎక్కువైతే బట్ట బట్టకు రాసుకోదు, జాడింపులో నురగా బొచ్చూ రెండూ మిగిలిపోతాయి.

16వ రోజు

మిన్ను బొంత మీద ఉచ్చ పోసింది.

ఇంతకుముందైతే వేడినీళ్లు, బ్లీచ్. రెండూ చేయకూడనివే. మూత్రంలోనూ, వాంతిలోనూ, రక్తంలోనూ ప్రొటీన్లు ఉంటాయి. వేడినీళ్లు పడితే అవి బట్టలోనే గడ్డకట్టి పట్టేస్తాయి, కాబట్టి మొదట చన్నీళ్లే. బ్లీచ్ సంగతి ఇంకా ప్రమాదం: మూత్రంలోని అమ్మోనియాతో అది కలిస్తే క్లోరమైన్ అనే విషవాయువులు పుడతాయి. తలుపులు మూసిన బాత్రూంలో అది పీలిస్తే ఊపిరితిత్తులకు దెబ్బ. వాసన పోవడానికి వెనిగర్ వాడేవాళ్లున్నారు, దాన్నీ బ్లీచ్‌తో కలపకూడదు. అక్కడ క్లోరిన్ వాయువు వస్తుంది.

పిల్లి ఉచ్చ వాసన ఎందుకు అంత మొండిదంటే, అందులో ఫెలినిన్ అనే పదార్థం ఉంటుంది. అది మెల్లగా విడిపోతూ గంధకం ఉన్న ఘాటు వాసన పదార్థాలను వదులుతుంది. అందుకే పోసినప్పటికంటే మర్నాడు వాసన ఎక్కువ. పైగా యూరిక్ ఆమ్లం మామూలు నీళ్లలో సరిగా కరగదు. బట్టలోనే ఉండిపోయి, గాలిలో చెమ్మ పెరిగిన రోజున మళ్లీ కంపు కొడుతుంది. ఉతికి ఆరేసిన బొంత వాన రోజున కంపు కొట్టడం ఎన్నోసార్లు చూశాను. కారణం ఇప్పుడు తెలిసింది.

ఇవాళ చేసింది: పాత టవల్ పరిచి, కాలితో తొక్కి తడి పీల్చాను. రుద్దలేదు. చన్నీళ్లతో జాడించాను. పెంపుడు జంతువుల మరకల కోసం అమ్మే ఎంజైమ్ ద్రావణం పోసి, అది అడుగు పొర దాకా ఇంకేట్టు తడిపి, ఎండిపోకుండా పైన తడిగుడ్డ కప్పి రాత్రంతా వదిలేశాను. ఎంజైములకు సమయం కావాలి. పోసి వెంటనే కడిగేస్తే డబ్బు దండగే.

17వ రోజు

బొంతను విడిగా, కొద్ది గోరువెచ్చని నీళ్లలో ఎంజైములున్న డిటర్జెంట్‌తో ఉతికి, ఎండలో ఆరేశాను. సాయంత్రానికి పూర్తిగా ఆరాక ముక్కు ఆనించి వాసన చూశాను. అంచున ఒక చోట ఇంకా ఉంది. తడిగా ఉన్నప్పుడు చూస్తే సబ్బు వాసనే తెలుస్తుంది, అసలు సంగతి ఆరాకే తేలుతుంది. ఆ అంచుకు మళ్లీ మొదటినుంచీ చేశాను. రెండోసారికి పోయింది.

ఒక జాగ్రత్త: ఉన్ని, పట్టు బట్టలకు ఈ ఎంజైమ్ డిటర్జెంట్లు వద్దు. ఉన్నీ పట్టూ స్వయంగా ప్రొటీన్లే, ఎంజైములు మరకతో పాటు బట్టనూ కొరికేస్తాయి.

మిన్నును డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఎప్పుడూ తన ట్రేలోనే పోసే పిల్లి బయట పోసిందంటే మొదట అనుమానించాల్సింది ఆరోగ్యాన్ని. మూత్రాశయంలో వాపు ఉంది, మందులు మొదలయ్యాయి. మగపిల్లులు పదే పదే కూర్చుని ముక్కుతూ చుక్క కూడా పోయలేకపోతే అది గంటల్లో ప్రాణం మీదికి వస్తుందని, ఉతుకు సంగతి పక్కనపెట్టి పరుగెత్తుకు రావాలని డాక్టరుగారు చెప్పారు.

23వ రోజు

బ్రూనో తన పరుపు మీద పడుకోవడం లేదు. రెండు రోజులుగా నేల మీదే.

మొన్న దాని తొడుగు ఉతికినప్పుడు పూలవాసన వచ్చే ఫ్యాబ్రిక్ కండిషనర్ వేశాను. మనకు హాయిగా ఉన్న ఆ వాసన వాడి ముక్కుకు ఎలా ఉంటుంది? తొడుగు తీసి, ఏ వాసనా లేని డిటర్జెంట్‌తో ఉతికి, రెండు రిన్స్‌లు పెట్టి, ఆరేసి తొడిగాను. సాయంత్రం వచ్చి మూడు చుట్లు తిరిగి పడుకున్నాడు. చాలాసేపు అక్కడే కూర్చుని చూశాను.

కండిషనర్ పూర్తిగా మానేశాం. స్టాటిక్ తగ్గించి బొచ్చు అంటకుండా చేస్తుందనేది నిజమే. కానీ అందులోని కాటయానిక్ (ధనావేశం ఉన్న) రసాయనాలు పిల్లులకు మంచివి కావు. నాలుకతో ఒళ్లు నాకుకునే జంతువు కదా, బట్టకు ఉన్నది దాని నోట్లోకి వెళుతుంది. ఎక్కువ మోతాదులో నోట్లో పుండ్లు పడతాయి. డ్రయ్యర్‌లో వేసే షీట్లలో ఉండేదీ అదే, వాటిని జంతువుల పళ్లకు అందనివ్వకూడదు. డిటర్జెంట్ పాడ్లు (చిక్కటి సబ్బు నింపిన చిన్న పొట్లాలు) కూడా పై అరలోకి మారాయి. కొరికితే చిక్కటి సబ్బు ఒక్కసారిగా నోట్లోకి చిమ్ముతుంది. టీ ట్రీ నూనె చుక్కలు వేసే అలవాటు కొందరికి ఉంటుంది. అది కుక్కలకూ పిల్లులకూ విషమే.

మిన్ను విషయంలో ఇంకో మార్పు. పిల్లికి తన చోటు తనదని చెప్పేది దాని వాసనే. అన్ని గుడ్డలూ ఒకేరోజు ఉతికేస్తే ఇల్లంతా పరాయిదైపోతుంది. ఇప్పుడు దాని మూడు గుడ్డల్లో రెండే ఉతుకుతాను, ఒకటి అలాగే ఉంచుతాను. మరుసటి వారం దాని వంతు.

31వ రోజు

అబ్బాయి తుమ్ములు. పిల్లి వల్ల వచ్చే అలర్జీకి అసలు కారణం బొచ్చు కాదు. పిల్లి ఉమ్మిలో, చర్మపు జిడ్డు గ్రంథుల్లో తయారయ్యే ఫెల్ డి 1 అనే ప్రొటీన్. నాకుకున్నప్పుడు అది బొచ్చుకు పట్టి, బొచ్చుతో ఇల్లంతా తిరుగుతుంది. పరుపుల్లో ఉండే డస్ట్ మైట్లు, అంటే కంటికి కనపడని దుమ్ము పురుగులు, తుమ్ములకు ఇంకో కారణం. అవి 60 డిగ్రీల నీళ్లలో చస్తాయి. వాడి దుప్పటీ గలీబులూ వారానికోసారి 60 డిగ్రీల్లో ఉతుకుతున్నాం. బట్ట మీది చీటీలో అంత వేడి పడుతుందని ఉంటేనే. మిన్నుకు ఆ గదిలోకి ప్రవేశం లేదు. తుమ్ములు తగ్గాయి, పూర్తిగా పోలేదు. అలర్జీ డాక్టరు దగ్గరికి వచ్చే వారం వెళుతున్నాం.

38వ రోజు

చిన్న చిన్నవి. బ్రూనో పరుపు మొత్తం మెషీన్‌లో వేస్తే లోపలి దూది గడ్డలు కట్టింది. జిప్ ఉన్న తొడుగు తీసి అదొక్కటే ఉతకాలి. బెల్టులు, పట్టీలు జాలీ సంచిలో వేయకపోతే బకిల్ డ్రమ్ముకు కొట్టుకుంటుంది. డ్రమ్ములో వేసే బొచ్చు పట్టే బంతులు తెచ్చి నాలుగు వాయిలు చూశాను. పట్టింది కొద్దిగానే, గ్లవుజు పనిలో పదోవంతు కూడా లేదు. ఫ్లీస్ దుప్పట్లు పక్కన పెట్టేశాను. ఆ నూగులో దూరిన బొచ్చు బయటికి రాదు. దగ్గరి నేత ఉన్న నున్నటి నూలు గుడ్డ అన్నిటికంటే నయం.

45వ రోజు

ఇంతకాలం బట్ట మీద పడ్డాక తీయడం గురించే ఆలోచించాను. పడకముందే పట్టుకోవచ్చు కదా.

బ్రూనోకు కింది పొర దాకా వెళ్లే పళ్ల దువ్వెన, మిన్నుకు మెత్తటి బ్రష్షు. ఉతుకు రోజుకు ముందురోజు సాయంత్రం ఆరుబయట దువ్వుతున్నాం. మొదటిసారి బ్రూనో నుంచి వచ్చిన ఉన్ని వాడి తల కంటే పెద్ద కుప్ప అయింది. అదంతా ఇన్నాళ్లూ మా బట్టల మీదికి వచ్చేదన్నమాట. వాడు దువ్వించుకుంటూ కళ్లు మూసుకుంటాడు, వెనక కాలు దానంతటదే ఊగుతుంది. మిన్ను మాత్రం నాలుగు దువ్వులకు మించి ఒప్పుకోదు. ఒప్పుకున్నంత వరకే.

ఇద్దరూ ఎక్కువగా పడుకునే మూడు చోట్లా విడి గుడ్డలు పరిచాను. సోఫా కవరు నెలకోసారి ఉతికితే చాలు, ఆ గుడ్డలు మాత్రం వారం వారం.

60వ రోజు

మళ్లీ ఫిల్టర్ తెరిచాను. 1వ రోజు చేసినట్టే ప్లగ్ తీసి, పళ్లెం పెట్టి, నెమ్మదిగా తిప్పాను. నీళ్లు ఒక్క పళ్లెం కూడా నిండలేదు. లోపల రెండు వేళ్ల మధ్య పట్టేంత నూగు, ఒక దారప్పోగు. అంతే. ఇకమీదట నెలకోసారి తెరుస్తాను, ఖాళీ డ్రమ్మును వేడినీళ్లతో తిప్పడం కూడా అదే రోజు.

నల్ల ప్యాంటు వేసుకుని బయటికెళ్లాను. తలుపు దగ్గరి రోలర్ తీసుకోవాల్సిన అవసరం రాలేదు.

ఇంకా తేలనిది ఒకటే, సోఫా కుట్ల సందుల్లో ఇరుక్కున్న బ్రూనో బిరుసు వెంట్రుకలు. వాక్యూమ్ సన్నమూతితో లాగినా రావడం లేదు. రేపు పాత టూత్‌బ్రష్షు రబ్బరు గ్లవుజు ముక్కతో చుట్టి ప్రయత్నిస్తాను.